వాల్వుల పెట్టెలో ఈల

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషి నాలుగు నెలల ఆదివారాలు ధారపోసి ఒక పెట్టె తయారుచేశాడు. చెప్పుల డబ్బా కన్నా కాస్త చిన్నది. పైన రెండు గాజు వాల్వులు, ముందువైపు శబ్దం పెంచుకునే మీట, దాని పక్కన హెడ్‌ఫోన్లు గుచ్చుకునే రంధ్రం. స్విచ్చి వేస్తే అర నిమిషానికి వాల్వుల్లో తీగలు ఎర్రబడి, గాజంతా నారింజరంగు పులుముకునేది.

అది తనకోసం చేసుకున్నది కాదు, భార్య కోసం. ఒక ఆఫీసు పంపే రికార్డింగులు విని, మాట పొల్లుపోకుండా టైపు చెయ్యడం ఆవిడ ఉద్యోగం. మీటింగులు, విచారణలు, తగువులు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు దగ్గుతారు, మూడోవాడు కుర్చీ జరుపుతాడు. పొద్దున తొమ్మిదింటికి చెవులకి తగిలించుకుంటే సాయంత్రం ఐదుకి తీసేది. తీశాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. "చెవుల్లో ఇసుక పోసినట్టుంది," అనేది అంతే.

ఆ సంగతి అతను మీటర్ల మాస్టారితో అన్నాడు. మాస్టారంటే పాఠాలు చెప్పేవాడు కాదు. పాలిటెక్నిక్ ల్యాబులో కొలిచే పరికరాలు బాగుచేస్తాడు. నలభై ఏళ్లుంటాయి. "కంప్యూటర్లోంచి నేరుగా వింటే గరుగ్గా ఉంటుందండీ. మధ్యలో ఒక వాల్వు ఆంప్లిఫయర్ పెట్టి చూడండి, మెత్తగా ఉంటుంది," అన్నాడు మాస్టారు. మన మెకానిక్కు ఆ ముక్క పట్టుకున్నాడు. పాతికేళ్లుగా మోటార్లూ బ్రేకులూ విప్పి బిగించిన చెయ్యి, ఇంత చిన్న పెట్టె ఎంతసేపు అనుకున్నాడు. నాలుగు నెలలు పట్టింది.

మొదటిసారి ఆవిడకి పెట్టి చూసినప్పుడు రెండు చెవుల్లోనూ తేనెపట్టు కదిలించినట్టు గుయ్యిమని ఒకటే రొద. అది అతనికీ వినపడింది. సిగ్గుపడ్డాడు గానీ కంగారుపడలేదు. మూత తీసి, ఎర్తు తీగలన్నీ ఒక్కచోటికి చేర్చి బిగించాడు. వాల్వులు వేడెక్కించే తీగలు రెంటినీ జడలా పెనవేసి పెట్టె మూలకి తోశాడు. లోపల పెద్ద వోల్టేజి ఉంటుంది కాబట్టి, షాకు కొట్టినా గుండె మీదుగా పోకుండా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తోనే పనంతా చేశాడు. రెండో ఆదివారానికి గుయ్యిమనడం పూర్తిగా పోయింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీట చివరంటా తిప్పి విన్నాడు. ఏ చప్పుడూ లేదు, నూతిలోకి చెవి ఒగ్గినంత నిశ్శబ్దం.

"ఇదిగో, రా. ఇప్పుడు విను," అని భార్యని పిలిచాడు.

ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఒక నిమిషం వింది. కనుబొమలు ముడిపడ్డాయి, మళ్లీ విడిపోయాయి.

"బాగుందండీ," అంది.

బాగుందన్న మాటలో బాగున్నతనం లేదని ఇరవయ్యారేళ్ల కాపురం చేసినవాడికి తెలీకుండా ఉంటుందా? అయినా ఆ పూటకి ఆ మాటే చాలనుకున్నాడు.

మర్నాటి నుంచి ఆవిడ ఆ పెట్టె పెట్టుకుని పని మొదలుపెట్టింది. మూడోరోజు అతను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పెట్టె స్విచ్చి కట్టేసి ఉంది. హెడ్‌ఫోన్ల తీగ ఎప్పటిలా కంప్యూటర్‌లో గుచ్చి ఉంది. ఆవిడ నుదుటికి తడిగుడ్డ చుట్టుకుని పడుకుంది.

"ఏమైంది?"

"తలనొప్పి."

"పెట్టె పనిచెయ్యట్లేదా?"

"చేస్తోంది. కానీ వెనకాల సన్నగా ఈల వేస్తోందండీ. గొంతుల వెనకాల, ఎడతెరిపి లేకుండా."

అతను బట్టలైనా మార్చుకోకుండా వెళ్లి కూర్చున్నాడు. విన్నాడు. మీట తిప్పి విన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. ఈలా లేదు, గోలా లేదు.

"ఏదీ? ఏం లేదే!"

ఆవిడ లేచొచ్చి చెవికి పెట్టుకుంది. "ఇదిగో, ఉందిగా," అంది.

అక్కణ్నుంచి మూడు వారాలు ఆ ఇంట్లో అదే కథ. అతనేమో రోజంతా మేడల నెత్తిన ఉండే యంత్రాల గదుల్లో మగ్గేవాడు. కిటికీ లేని గది, కాలే మోటారు, గ్రీజు వాసన. లిఫ్టు ఆపేస్తే తను కూడా మెట్లే ఎక్కాలి. సాయంత్రానికి మోకాళ్లు పీకేవి. ఆ మోకాళ్లతోనే ఇంటికొచ్చి, స్టూలు మీద కూర్చుని పెట్టె మూత తీసేవాడు. వాల్వులు అటుదిటూ ఇటుదటూ మార్చాడు. కొత్త వాల్వులు తెప్పించాడు. టంకం పెట్టిన ప్రతి అతుకూ కరిగించి మళ్లీ పెట్టాడు. మార్చిన ప్రతిసారీ తను వినేవాడు, ఏమీ లేదనుకునేవాడు, భార్యని పిలిచేవాడు. ఆవిడ వచ్చి, విని, తల అడ్డంగా ఊపేది. ఊపడానికి ముందు అతని మొహంకేసి చూసి ఒక క్షణం ఆగేది. అతనికి ఈల కన్నా ఆ ఆగడం ఎక్కువ కష్టంగా ఉండేది.

వాళ్లతోపాటే ఉండే అత్తగారు ఈ తతంగమంతా సోఫాలోంచి చూసేది. ఆవిడకి డెబ్బై ఆరేళ్లు. చెవికి మిషనుంది, కానీ ఇష్టమైనప్పుడే పెట్టుకునేది. ఒకరోజు కూతురు బతిమాలితే ఆవిడ కూడా హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

"ఈల ఉందామ్మా?"

"హాయిగా ఉందే! ఏ గొడవా లేదు," అంది అత్తగారు. చెవి మిషను ఆవిడ ఒళ్లోనే ఉంది.

ముగ్గురూ నవ్వారు. ఆ మూడు వారాల్లో వాళ్లు కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

నాలుగో వారం మొదట్లో తెగింది. ఆవేళ ఒక ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోతే అతను ఆరు గంటలు నిలబడే ఉన్నాడు. ఒళ్లు హూనమై వచ్చాడు. అయినా పెట్టె విప్పి, ఒక కెపాసిటరు మార్చి, భార్యని పిలిచాడు. ఆవిడ వచ్చి వింది. "ఉందండీ," అంది.

అతను స్క్రూడ్రైవరు బల్లమీద పడేశాడు. "చూడు, నీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. అవతల పారేస్తాను. లేని ఈల ఉందని ఎందుకు నన్ను చంపుతావు?"

"లేని ఈలా?"

"నా చెవులు పనిచెయ్యట్లేదా? పాతికేళ్లుగా చప్పుడు విని మోటారు రోగం చెప్పేవాణ్ని నేను!"

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచే ఓపిక కూడా ఆవిడకి లేదు. "నేను ఏం చెప్పినా మీకు వినపడదు. బట్టలుతికే మిషను పనైపోయి కూస్తోందంటే లేదంటారు. పక్క గదిలోంచి పిలిస్తే పలకరు. పిల్ల ఫోన్ చేసి మాట్లాడితే ఊఁ ఊఁ అని పెట్టేస్తారు, అది నొచ్చుకుంటుంది. అన్నీ పెడచెవినే. ఇది కూడా అంతే," అని లోపలికెళ్లిపోయింది.

పిల్లంటే వాళ్లమ్మాయి. పెళ్లై ఇంకో ఊళ్లో ఉంటోంది. ఆ మాటకి అతని మనసు చివుక్కుమంది. అయినా పట్టుదల దిగలేదు. శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగగానే పెట్టెని తువ్వాల్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, బస్సెక్కి మాస్టారి ల్యాబుకి వెళ్లాడు. ఈల లేదని మిషను చేత చెప్పించి, ఆ ముక్క ఇంటికి మోసుకెళ్లాలని అతని కోరిక.

ల్యాబు ఖాళీగా ఉంది. పొడుగాటి బల్లలు, బల్లల మీద బోర్లించిన స్టూళ్లు. మాస్టారు ఒక మూల దీపం వేసుకుని పనిచేసుకుంటున్నాడు. పెట్టె చూసి మురిసిపోయాడు. "ఎంత నీట్‌గా చేశారండీ! తీగలు చూడండి, అచ్చు ఫ్యాక్టరీలో చేసినట్టున్నాయి!"

"అది సరే గానీ, ఇందులో ఈల ఉందో లేదో తేల్చి చెప్పండి."

మాస్టారు పెట్టెకి స్విచ్చి వేసి, వేడెక్కేదాకా ఆగి, హెడ్‌ఫోన్లు ఒక చెవికి ఆనించుకున్నాడు. అలా ఆనించాడో లేదో మొహం చిట్లించి తీసేశాడు.

"అమ్మో! ఇదేం కీచురాయండీ బాబూ! ఇన్నాళ్లూ దీన్నెలా భరించారు?"

మాస్టారు ఆసిలోస్కోపు తీగ తగిలించాడు. శబ్దాన్ని గీతలా చూపించే తెర అది. నల్లటి తెరమీద ఆకుపచ్చ గీత రంపం పళ్లలా లేచి నిలబడింది. మాస్టారు పళ్లు లెక్కపెట్టి, "సెకనుకి పదకొండు వేల సార్లు. ఇదిగో, ఈ చిన్న బోర్డు పని. పెద్ద వోల్టేజి తయారుచేసేది ఇదే కదా? మీ వాల్వులు కరెంటు మరీ తక్కువ తాగుతున్నాయి. దీనికి చేతినిండా పనిలేక ఇలా ఈలలేసుకుంటూ కూర్చుంది," అన్నాడు. తన మాటకి తనే నవ్వుతూ తల తిప్పి చూశాడు.

మెకానిక్కు హెడ్‌ఫోన్లు రెండు చేతుల్తో చెవులకి అదుముకుని, తెరమీద గీతకేసి చూస్తున్నాడు. గీత కంటికి కనబడుతూనే ఉంది. చెవికి మాత్రం ఏమీ లేదు.

"మీకు వినపడట్లేదా?" అన్నాడు మాస్టారు. నవ్వు ఆగిపోయింది.

"లేదు."

మాస్టారు పై అరలోంచి ఇంకో పరికరం దింపాడు. కావలసిన స్థాయిలో కూత పుట్టించే యంత్రం. "ఊరికే చూద్దామండీ. వినపడినంతసేపూ చెయ్యెత్తి ఉంచండి. వినపడ్డం మానేస్తే దించెయ్యండి," అన్నాడు.

సెకనుకి వెయ్యి దగ్గర మొదలుపెట్టాడు. స్పష్టంగా ఉంది, చెయ్యి లేచింది. రెండు వేలు, మూడు వేలు. మూడున్నర వేల దగ్గర కూత దూరంగా జరిగిపోతున్నట్టు అనిపించింది. నాలుగు వేలు దాటగానే ఎవరో తలుపేసినట్టు పోయింది. అతను చెయ్యి దించాడు. మాస్టారి వేళ్లు మీటని తిప్పుతూనే ఉన్నాయి. ఐదు, ఆరు, ఎనిమిది. మాస్టారి చెవికి ఇంకా వినపడుతోందని అతని కళ్లని బట్టి తెలుస్తోంది. పన్నెండు వేల దగ్గర మాస్టారు యంత్రం కట్టేశాడు.

"కూర్చోండి. టీ తెస్తాను," అన్నాడు నెమ్మదిగా.

"వద్దు."

"మోటార్ల పక్కన అన్నేళ్లు పనిచేశారు. వయసు కూడా. చాలామందికి ఉంటుందండీ, తెలీదంతే. పోయిన చప్పుడు పోయినట్టు తెలీదు కదా!" మాస్టారు ఒక కాగితం పొట్లంలో ఏడెనిమిది రెసిస్టర్లు పోసిచ్చాడు. "ఆ బోర్డు చివర వీటిలో ఒకటి అడ్డంగా కట్టండి. దానికి కాస్త బరువు తగిలితే ఈల మనిషి చెవికందనంత పైకి పోతుంది. ఏది సరిపోతుందో ఒక్కోటీ పెట్టి చూసుకోవాలి. చెవులున్నవాళ్లనెవరినైనా పక్కన..." అని నాలుక కరుచుకున్నాడు. "తప్పుగా అనుకోకండి."

"తప్పేముంది. ఉన్నమాటే."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ తను లేదన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తురాసాగాయి. బట్టలుతికే మిషను కూత, కూతురి సన్నటి గొంతు. ఉన్నట్టుండి ఇంకోటి గుర్తొచ్చింది. రెండు నెలల కిందట ఒక ఏడంతస్తుల ఇళ్ల సముదాయంలో నాలుగో అంతస్తావిడ ఫిర్యాదు రాసింది, లిఫ్టు దిగేటప్పుడు కీచుమంటోందని. తను వెళ్లి మూడుసార్లు ఎక్కి దిగాడు. ఏమీ వినపడలేదు. రిజిస్టర్లో "లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాడు.

ఇంటికి దిగాల్సిన స్టాపు దాటిపోయినా దిగలేదు. నేరుగా ఆ ఇళ్లకే వెళ్లాడు. కాపలాదారుకి చెప్పి లిఫ్టు ఆపించి, ఎప్పుడూ జేబులో ఉండే తాళంతో తలుపు తెరిచి, టార్చి పట్టుకుని లిఫ్టు నెత్తికెక్కాడు. ఈసారి చెవుల్ని అడగలేదు. పట్టాలమీద జారే గైడు షూని వేళ్లతో తడిమాడు. లోపల ఉండాల్సిన మెత్తటి ముక్క ఒకవైపు పూర్తిగా అరిగిపోయి, ఇనుము ఇనుముని రాసుకుంటోంది. పట్టామీద మెరిసే గీత పడింది. ముట్టుకుంటే ఇనప రజను వేలికి అంటింది. తాళ్లు గట్టిగానే ఉన్నాయి, బ్రేకు పడుతోంది. మనుషులకి ఇప్పటికిప్పుడు ప్రమాదం లేదు. కానీ ఇంకో రెండు నెలలు ఎవరూ చూడకపోతే? అతను దిగొచ్చి, లిఫ్టుకి "పనిచేయదు" బోర్డు తగిలించి, మెట్లమీద కూలబడ్డాడు. లేవబుద్ధి కాలేదు.

కాసేపటికి నాలుగో అంతస్తావిడే వచ్చింది, రెండు చేతుల్లో రెండు సంచులు. బోర్డు చూసి ఉసూరుమంది.

"మళ్లీ ఏమొచ్చిందయ్యా?"

"మీరు రాసిందేనమ్మా. కీచుమంటోందన్నారు కదా. నిజమే. ఆవేళ నాకు వినపడలేదు. సోమవారం కొత్త ముక్కలు వేస్తాం."

"నేనప్పుడే చెప్పానా?"

"చెప్పారమ్మా. నాదే తప్పు," అని లేచి, ఆవిడ వద్దంటున్నా సంచులు రెండూ అందుకుని నాలుగంతస్తులూ మోశాడు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. భార్య వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతోంది. అతను సంచి కింద పెట్టి, ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు. ఆవిడ తలెత్తలేదు.

"ఈల ఉంది," అన్నాడు.

ఆవిడ చెయ్యి ఆగింది.

"సెకనుకి పదకొండు వేలట. తెరమీద చూపించాడు. నాకే వినపడదు. నాలుగు వేలు దాటితే నాకేదీ వినపడదు," అని, లిఫ్టు సంగతి కూడా చెప్పాడు. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఒక చిక్కుడుకాయని పట్టుకుని దాని ఈనె తీస్తూనే ఉన్నాడు, ఆఖరికి అది ముక్కలైపోయింది.

ఆవిడ "నేను చెప్పలేదా" అనలేదు. అనుంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేదేమో. అతనికేసి చూసి, "ఎన్నాళ్ల నుంచండీ?" అంది.

"తెలీదు. అదే తెలీదు."

"నా మాటంటే మీకు లెక్కలేదనుకున్నాను," అంది. "ఎన్నేళ్లో అలాగే అనుకున్నాను. పిలిచీ పిలిచీ విసుగొచ్చి పిలవడం మానేశాను కూడా."

"నువ్వు ఊరికే సణుగుతున్నావనుకున్నా నేను."

కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు. పోయిన ఏళ్లు ఎవరిమీద వెయ్యాలి? ఆవిడ మిగతా చిక్కుడుకాయలు అతని ముందుకి జరిపింది. ఇద్దరూ కలిసి తుంచారు.

ఆదివారం పొద్దున బల్లమీద పెట్టె విప్పారు. ఈసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది ఆవిడ, చెయ్యి జేబులో పెట్టుకుంది అతను. మాస్టారిచ్చిన రెసిస్టర్లలో మొదటిది కట్టి స్విచ్చి వేశాడు. వాల్వులు వెలిగేదాకా ఆగి ఆవిడ మొహంకేసి చూశాడు.

"ఉంది. కాస్త సన్నబడింది."

స్విచ్చి కట్టేసి, లోపల మిగిలిన కరెంటు దిగిపోయేదాకా కూర్చుని, రెండోది కట్టాడు.

"ఇంకా సన్నగా అయింది. సూదిలా ఉంది."

మూడోదానికి మరీ వేడెక్కి కాలిన వాసనొచ్చింది. తీసేసి, కాస్త పెద్దది వెతికి కట్టాడు. సోఫాలోంచి అత్తగారు, "ఏమిటర్రా మాడుతోంది?" అంది. ఐదో ప్రయత్నానికి భార్య చెయ్యెత్తి ఆగమంది. హెడ్‌ఫోన్లు తీసింది, మళ్లీ పెట్టుకుంది. మీట తనే తిప్పి చివరిదాకా పెంచింది.

"పోయింది."

"నిజం చెప్పు. నా కోసం అనకు."

"లేదండీ, నిజంగా పోయింది. ఇంకేమీ లేదు," అని, ఎలాగూ చెయ్యాల్సిన ఒక రికార్డింగు పెట్టుకుంది. పది నిమిషాలైంది, పావుగంటైంది, తియ్యలేదు. ఎవరో ముసలాయన తన పొలం గట్టు గురించి చెబుతున్నాడట. "ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తోంది," అంది. ఆ ఊపిరి ఎలా ఉంటుందో అడగాలని అతనికి అనిపించింది గానీ, ఆవిడ వేళ్లు అప్పటికే టైపు చేస్తున్నాయి. అడగలేదు.

సోమవారం ఆఫీసుకెళ్లగానే సూపర్‌వైజరుకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. కాసేపు పెన్ను తిప్పి, చెవి పరీక్ష కాగితం తెమ్మన్నాడు. అది వచ్చేదాకా తనిఖీ సంతకాలు ఒంటరిగా పెట్టొద్దన్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఒంటరిగా పెట్టిన సంతకం అది. ఆ వారమంతా ఒక జూనియరు మెకానిక్కుతో కలిసి, తను లోగడ "లోపం లేదు" అని రాసిన పదమూడు లిఫ్టులూ మళ్లీ తిరిగాడు. ఇంకో రెంటిలో చిన్న చిన్న లోపాలు దొరికాయి. రాశాడు.

గురువారం చెవి పరీక్షకి భార్య కూడా సెలవు పెట్టి వచ్చింది. గాజు గదిలో కూర్చోబెట్టి, బొత్తాం చేతికిచ్చి, వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. అయ్యాక కాగితం మీద రెండు గీతలు గీసి చూపించారు. రెండూ నాలుగు వేల దగ్గర గోడమీంచి పడ్డట్టు పడిపోయాయి. ఎడమచెవి గీత ఇంకా ముందే పడింది. మిషన్లు రెండు చెవులకీ కావాలి, కొలతలు తీసుకున్నారు, మూడు వారాలు పడుతుందన్నారు. పోయింది తిరిగి రాదు, ఉన్నది పెంచి ఇస్తాం అన్నారు.

తిరుగు బస్సులో జనం పల్చగా ఉన్నారు. అతను అలవాటుగా కిటికీ పక్కకి జరిగి కూర్చున్నాడు. పక్కన భార్య కూర్చుంది, అతని ఎడమవైపు. రెండు స్టాపుల దాకా ఏదో చెప్పింది. అతను ఊఁ కొట్టాడు. ఆవిడ మాట మధ్యలో ఆపేసింది.

"లేవండి," అంది చెయ్యి తట్టి.

"అప్పుడే దిగాలా?"

"కాదు. ఇటు రండి, నేను కిటికీ పక్కన కూర్చుంటా."

బస్సు ఊగుతుంటే సీటు వెనక కమ్మీ పట్టుకుని ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. ఆవిడ అతని కుడిపక్క సర్దుకుని కూర్చుని, చెప్పిందంతా మళ్లీ మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.